ఎర్రర్ పేజీ పెట్టాం కదా, మళ్లీ ఆ పసుపు పేజీ ఎందుకొస్తోంది?

కొన్నేళ్ల కిందట ఒక క్లయింట్ నుంచి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది. పైన ఎర్ర అక్షరాల్లో 'సర్వర్ ఎర్రర్' అని, కింద లేత పసుపు డబ్బాల్లో బారెడు స్టాక్ ట్రేస్, అంటే కోడ్ ఏ దారిన వెళ్లి ఎక్కడ పడిందో చెప్పే జాబితా. మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్‌లో పనిచేసినవాళ్లకి ఆ పేజీని పరిచయం చేయక్కర్లేదు. దాని కింద ఆయన ఒకే ఒక్క ప్రశ్న పెట్టారు: "ఇందులో 'పాతది_ముట్టుకోవద్దు' అని ఏదో ఫోల్డర్ పేరు కనబడుతోంది. మా సైట్ నడిచేది దాంట్లోంచేనా అండీ?"

అది నా ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్. బిల్డ్‌తో పాటు పుట్టే పీడీబీ ఫైళ్లు (డీబగ్ సమాచారం ఉండేవి) కూడా సర్వర్ మీదికి వెళ్లిపోయాయి, వాటిలో నా మెషీన్ మీద సోర్స్ ఫైలు ఎక్కడుందో మొత్తం రాసి ఉంటుంది, ఎర్రర్ రాగానే ఆ పేజీ డ్రైవ్ పేరుతో సహా అదంతా చదివి వినిపించింది. ముందురోజు రాత్రి ఏదో బగ్ వెతకడానికి కస్టమ్ ఎర్రర్స్ సెట్టింగ్‌ని (లోపలి వివరాలు దాచి మన పేజీ చూపించేది) ఆఫ్‌లో పెట్టింది నేనే, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయిందీ నేనే. సరే, సారీ చెప్పి ఆన్ చేశాం. మర్నాడు ఇంకో స్క్రీన్‌షాట్. ఈసారి పసుపు పేజీ కాదు, మేం డిజైనర్ చేత బొమ్మ వేయించి పెట్టుకున్న పేజీ కూడా కాదు, ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) సొంత 404 పేజీ, అంటే 'అడిగింది లేదు' అని. రెండు రోజుల తర్వాత మూడోది: తెల్ల కాగితం లాంటి పేజీ మీద 'సర్వీస్ అనవైలబుల్', 503. ఒకే సైట్‌కి మూడు మొహాలు, అందులో మేం పెట్టినది ఒక్కటీ లేదు.

అప్పటిదాకా కస్టమ్ ఎర్రర్ పేజీ అంటే ఒక అందమైన పేజీ తయారుచేసి, ఎక్కడో ఒక లైను రాస్తే అయిపోయే పని అనుకునేవాణ్ని. చిక్కు పేజీలో లేదు. ఎర్రర్ వచ్చిన ఆ క్షణాన అవతలి మనిషితో మాట్లాడుతున్నది ఎవరు అన్నదాంట్లో ఉంది.

ఎవరు లేరో వాళ్లే చెప్పలేరు

మండలాఫీసుకి పని మీద వెళ్లారనుకోండి. సారు సీట్లో లేకపోతే ఆ మాట గుమాస్తా చెప్తాడు. గుమాస్తా కూడా లేకపోతే వాచ్‌మన్ చెప్తాడు. గేటుకే తాళం ఉంటే ఎదురుగా టీకొట్టాయన చెప్తాడు, "ఇవాళ రెండో శనివారం కదండీ" అని. 'నేను లేను' అని ఎవరూ తమ గురించి తాము చెప్పుకోలేరు, బయటికి దగ్గరగా ఉన్న ఇంకొకడే ఆ మాట చెప్పాలి. వెబ్ అప్లికేషన్‌లోనూ ఇంతే. మనం రాసిన కోడ్ సారు, ఫ్రేమ్‌వర్క్ గుమాస్తా, ఐఐఎస్ లేదా ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ వాచ్‌మన్, బ్రౌజర్ టీకొట్టు. మధ్యలో సీడీఎన్ (మన పేజీల కాపీలు యూజర్‌కి దగ్గర్లో ఉంచి ఇచ్చే సర్వర్ల వల) ఉంటే అది వీధి మొదట్లో వేలాడదీసిన బోర్డు.

ఇప్పుడు ఆ మూడు స్క్రీన్‌షాట్లు మళ్లీ చూడండి. మొదటిదాంట్లో సారు తప్పు చేశాడు, గుమాస్తా లోపలి ఫైళ్లన్నీ తెచ్చి వీధిలో పరిచాడు. రెండోదాంట్లో ఎవరో లేని పీడీఎఫ్ అడిగారు. పీడీఎఫ్, ఫొటో లాంటి స్టాటిక్ ఫైళ్ల కోసం వచ్చిన రిక్వెస్ట్ మామూలుగా డాట్ నెట్ దాకా వెళ్లదు, ఐఐఎస్సే చూసుకుంటుంది. కాబట్టి గుమాస్తాకి మనం ఎంత బాగా నేర్పినా లాభం లేదు, మాట్లాడింది వాచ్‌మన్. మూడోదాంట్లో అప్లికేషన్ పూల్, అంటే ఐఐఎస్‌లో మన యాప్‌ని నడిపించే ప్రాసెస్, అదే ఆగిపోయింది. అప్పుడు జవాబు చెప్పేది విండోస్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, కూర్చునే హెచ్‌టీటీపీ డాట్ సిస్ అనే డ్రైవర్. దానికి మన వెబ్.కాన్ఫిగ్ ఫైలు (సైట్ సెట్టింగులుండేది) ఉందన్న సంగతే తెలియదు, అందులో ఎన్ని లైన్లు రాసుకున్నా అది ఆ తెల్ల పేజీనే చూపిస్తుంది. ఆ మొహం మారాలంటే ముందు ఇంకో సర్వర్‌నో సీడీఎన్‌నో పెట్టుకోవాల్సిందే.

అందుకే 'మా యాప్‌కి కస్టమ్ ఎర్రర్ పేజీ ఉంది' అనే మాటకి పెద్దగా అర్థం లేదు. ఏ మెట్టు మీద ఉంది అని అడగాలి.

బొమ్మ వేరు, అంకె వేరు

సర్వర్ పంపే ప్రతి జవాబుకీ ముఖ్యంగా రెండు ముక్కలుంటాయి. మనిషి చదివే పేజీ ఒకటి, యంత్రాలు చదివే మూడంకెల స్టేటస్ కోడ్ ఇంకొకటి. 2తో మొదలైతే పని జరిగింది, 3తో అయితే వేరే చోటికి వెళ్లు, 4తో అయితే అడిగినవాడి వైపు తేడా, 5తో అయితే సర్వర్ వైపు తేడా. ఇది 1996లో హెచ్‌టీటీపీ 1.0ని రాసుకున్నప్పటి నుంచీ ఉన్న పద్ధతే. (404 అనేది సెర్న్‌లో వెబ్ పుట్టిన గది నంబరు అని ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంటుంది. టిమ్ బెర్నర్స్ లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కయ్యో అదంతా కట్టుకథ అని ఎప్పుడో కొట్టిపారేశారు.)

మనం బొమ్మ మీద పెట్టే శ్రద్ధ అంకె మీద పెట్టం. అక్కడే సగం సైట్లు దెబ్బతింటాయి. పైథాన్‌లో ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లని చూడండి. 404కి హ్యాండ్లర్ (ఆ ఎర్రర్ వస్తే నడిచే ఫంక్షన్) రాస్తారు, అందులో టెంప్లేట్‌ని రిటర్న్ చేస్తారు, పక్కన కామా పెట్టి 404 అని రాయడం మర్చిపోతారు. అంతే, పేజీ మీద 'క్షమించండి, ఈ పేజీ లేదు' అని ఉంటుంది, వెనకాల మాత్రం 200, అంటే 'అంతా సవ్యం' అని వెళ్తుంది. కంటికి తేడా తెలియదు. గూగుల్ దీన్ని సాఫ్ట్ 404 అంటుంది. లేని పేజీలన్నీ ఉన్నట్టే కనబడితే దాని క్రాలర్ (పేజీలు వెతుకుతూ తిరిగే ప్రోగ్రాం) వాటినే తిరిగి తిరిగి చూస్తుంటుంది, అసలు పేజీల దగ్గరికి రావడం ఆలస్యమవుతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ మానిటరింగ్‌కి. సైట్ పడిపోయి రాత్రంతా 'క్షమించండి' పేజీ తిరుగుతున్నా, 200 వస్తోంది కాబట్టి అలారం మోగదు. పొద్దున్నే ఫోన్ మోగుతుంది.

ఇక అంకె ఎంచుకోవడంలో ఒక చిన్న రాజకీయం ఉంది. 403 అంటే 'ఉంది గానీ నీకు చూపించను', 404 అంటే 'లేదు'. కానీ ప్రమాణం ప్రకారం 404కి ఇంకో అర్థం కూడా ఉంది, ఉందో లేదో చెప్పడం ఇష్టం లేకపోయినా 404 ఇవ్వొచ్చు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో వేరేవాళ్ల ప్రైవేట్ రిపోజిటరీ చిరునామా కొట్టి చూడండి, 404 వస్తుంది. ఉందని ఒప్పుకుంటే పేరు బయటపడినట్టే కదా. ఆసుపత్రి రిపోర్టులు గానీ జీతాల స్లిప్పులు గానీ ఉన్న యాప్‌కి నేనైతే ఇదే దారి పడతాను. 410 అని ఇంకోటుంది, 'ఉండేది, తీసేశాం, ఇక రాదు' అని. ఎవరూ వాడరు, వాడితే మంచిదే.

వెబ్.కాన్ఫిగ్‌లో రెండు తలలు

ఏఎస్‌పీ డాట్ నెట్ పాత వెర్షన్లలో (కోర్ రాకముందువి, మన దగ్గర ఆఫీసుల్లో ఇప్పటికీ బోలెడు నడుస్తున్నాయి) ఎర్రర్ పేజీకి రెండు వేర్వేరు సెట్టింగులుంటాయి. సిస్టమ్.వెబ్ కింద కస్టమ్‌ఎర్రర్స్, సిస్టమ్.వెబ్‌సర్వర్ కింద హెచ్‌టీటీపీఎర్రర్స్. మొదటిది గుమాస్తాకి, రెండోది వాచ్‌మన్‌కి. ఒకే ఫైల్లో పక్కపక్కనే ఉండటం వల్ల రెండూ ఒకటే అనుకుంటాం, లేదా ఒకటి రాస్తే చాలనుకుంటాం.

కస్టమ్‌ఎర్రర్స్‌లో మోడ్ మూడు రకాలు: ఆన్, ఆఫ్, రిమోట్‌ఓన్లీ. రిమోట్‌ఓన్లీ అంటే సర్వర్ మీద కూర్చుని చూసేవాడికి వివరాలన్నీ కనబడతాయి, బయటివాడికి కనబడవు. ఏమీ రాయకపోతే ఇదే ఉంటుంది, నిజానికి ఇదే మంచిది, నాలాంటివాళ్లు వేలుపెట్టనంతవరకు.

ఇప్పుడు అసలు ఉచ్చు. ఎర్రర్ వస్తే ఫలానా పేజీకి పంపు అని రాస్తే, అది మామూలుగా చేసేది 302 రీడైరెక్ట్. అంటే బ్రౌజర్‌కి 'నువ్వడిగింది అక్కడుంది, వెళ్లు' అని చెప్తుంది, బ్రౌజర్ నమ్మి వెళ్తుంది, అక్కడ ఎర్రర్ పేజీ 200తో నవ్వుతూ ఎదురొస్తుంది. అసలు అంకె మధ్యలో మాయం. పైగా అడ్రస్ బార్‌లో యూఆర్‌ఎల్ మారిపోతుంది, తోకకి ఏఎస్‌పీఎక్స్‌ఎర్రర్‌పాత్ అని ఒకటి తగులుకుంటుంది, పాపం స్పెల్లింగ్ తప్పు కొట్టినవాడు దిద్దుకుందామన్నా తను కొట్టినది అక్కడ ఉండదు, రిఫ్రెష్ కొడితే ఎర్రర్ పేజీయే రిఫ్రెష్ అవుతుంది. దీనికి విరుగుడుగా డాట్ నెట్ 3.5 సర్వీస్ ప్యాక్ 1తో రెస్పాన్స్‌రీరైట్ అనే పద్ధతి తెచ్చారు. చిరునామా మారకుండా అక్కడే పేజీ మార్చి ఇస్తుంది. కానీ అది నిజంగా డిస్క్ మీదున్న ఫైలుకే పనిచేస్తుంది, ఎంవీసీ రూట్‌కి (ఫైలు లేకుండా కోడ్‌లో రాసుకునే చిరునామాకి) కాదు, అంకె కూడా మనమే ఆ పేజీలో రాసుకోవాలి. ఎంవీసీ వాడుతూ ఎర్రర్ పేజీకి కంట్రోలర్ రాసి, రీరైట్ పెట్టి, ఎందుకు రావట్లేదో తెలియక జుట్టు పీక్కున్నవాళ్లు ఈ వ్యాసం చదివేవాళ్లలో కనీసం ఒకరైనా ఉంటారని నా నమ్మకం.

అదయ్యాక వాచ్‌మన్ వంతు. గుమాస్తా మంచి పేజీ తయారుచేసి, అంకె కూడా సరిగ్గా 404 పెట్టి బయటికి పంపాడనుకోండి. గేటు దగ్గర ఐఐఎస్ ఆ అంకె చూసి, 'ఓహో 404 ఆ, నా దగ్గర దీనికి పేజీ ఉంది' అని మన పేజీని చించేసి తన పేజీ పెట్టేస్తుంది. సర్వర్ మీద చూస్తే మన పేజీ వస్తుంది, బయటినుంచి చూస్తే ఐఐఎస్‌ది వస్తుంది, 'నా మెషీన్‌లో బాగానే ఉందే' అనే మాట పుట్టేది ఇలాంటి చోట్లే. దీనికి రెండు మార్గాలు: కోడ్‌లో ట్రైస్కిప్‌ఐఐఎస్‌కస్టమ్‌ఎర్రర్స్ అనే భారీ పేరున్న ప్రాపర్టీని ట్రూ చేయడం, లేదా హెచ్‌టీటీపీఎర్రర్స్‌లో ఎగ్జిస్టింగ్‌రెస్పాన్స్‌ని మార్చుకోవడం. పాస్‌త్రూ అంటే లోపలినుంచి ఏది వస్తే అదే వదులు, రీప్లేస్ అంటే ఏది వచ్చినా నీ పేజీయే పెట్టు. నాకు నచ్చేది రీప్లేస్‌తో ఒక స్టాటిక్ ఫైలు, గొడవ ఉండదు. కాకపోతే అదే సైట్‌లో ఏపీఐ (ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి) కూడా ఉంటే దాని జేసన్ (యంత్రాలు చదివే డేటా రూపం) జవాబుల్ని కూడా అది మింగేస్తుంది, అప్పుడు మళ్లీ ఆలోచించుకోవాలి.

డాట్ నెట్ కోర్‌లో ఈ రెండు తలల గోల చాలావరకు పోయింది. అయినా పాత ఉచ్చు కొత్త పేరుతో ఉంది. యూజ్‌స్టేటస్‌కోడ్‌పేజెస్‌కి విత్‌రీడైరెక్ట్స్ అని ఒకటి, విత్‌రీఎగ్జిక్యూట్ అని ఒకటి. మొదటిది మళ్లీ అదే 302. రెండోది వాడండి.

2010 సెప్టెంబరు

ఎర్రర్ పేజీలు ఎన్ని రకాలుగా ఉంటే అంత మంచిదని, 404కి ఒకటి, 500కి ఒకటి, 403కి ఒకటి అని నేర్చుకుంటాం. 2010 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సరిగ్గా దీనికి ఉల్టా సలహా ఇచ్చింది: అన్ని ఎర్రర్లకీ ఒకే పేజీ చూపించండి, వీలైతే ఆ పేజీ రావడానికి కాసేపు, ఎంతసేపో అంచనాకి అందకుండా, ఆలస్యం కూడా చేయండి అని.

అప్పుడు జరిగింది ఇది. జూలియానో రిజ్జో, థాయ్ డుయాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యూనోస్ ఐరిస్‌లో ఎకోపార్టీ సదస్సులో ఏఎస్‌పీ డాట్ నెట్ మీద ప్యాడింగ్ ఒరాకిల్ దాడి చూపించారు. సులువుగా చెప్పాలంటే, సర్వర్ ఎన్‌క్రిప్ట్ చేసి బ్రౌజర్‌కి ఇచ్చిన డేటాలో ఒక బైట్ మార్చి తిరిగి పంపుతారు. విప్పినప్పుడు చివరి ప్యాడింగ్ (కొలత సరిపోవడానికి చేర్చిన బైట్లు) సరిపోకపోతే ఒక రకం ఎర్రర్, ప్యాడింగ్ సరిపోయి లోపలి సరుకు తప్పుగా ఉంటే ఇంకో రకం ఎర్రర్. వచ్చిన పేజీ ఏదో చూసి 'ఊఁ', 'ఊహూఁ' అని సర్వరే జవాబు చెప్తున్నట్టు లెక్క. ఇలా వేల రిక్వెస్టులు పంపుతూ పోతే కీ తెలియకుండానే లోపలిది బయటపడుతుంది, కొన్ని వెర్షన్లలో వెబ్.కాన్ఫిగ్ ఫైల్నే డౌన్‌లోడ్ చేసుకునేదాకా వెళ్లొచ్చు. అన్ని ఎర్రర్లకీ ఒకే పేజీ, ఒకే అంకె వస్తే ఆ ఊఁ-ఊహూఁ తేడా దొరకదు. ఆలస్యం ఎందుకంటే, పేజీ ఒకటే అయినా వచ్చే టైంలో తేడా ఉంటే అదీ ఒక జవాబే. సెప్టెంబరు 28న ప్యాచ్ వచ్చేదాకా లోకమంతా ఈ ఎర్రర్ పేజీ సెట్టింగ్ మీదే నెట్టుకొచ్చింది.

ఆ తర్వాత ఎప్పుడైనా లాగిన్ పేజీలో 'ఈ యూజర్ లేడు' అని ఒక ఎర్రర్, 'పాస్‌వర్డ్ తప్పు' అని ఇంకో ఎర్రర్ చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. చిన్న తేడాలే, కానీ అడిగినవాడికి ఊఁ కొట్టడమే.

డీబగ్ పేజీల సంగతి ఇంకా మొరటు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో ఎర్రర్లు అందంగా చూపించే ఇగ్నిషన్ అనే పేజీ ఉండేది. లైవ్ సైట్లో డీబగ్ మోడ్ ఆన్‌లో వదిలేస్తే, ఆ పేజీ ద్వారానే బయటివాళ్లు సర్వర్ మీద తమ కోడ్ నడిపించుకోగలిగే లోపం 2021లో బయటపడింది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో డీబగ్ ట్రూ అని ఉంటే మీరు రాసుకున్న 404 టెంప్లేట్ అసలు కనబడదు, దానికి బదులు మీ యూఆర్‌ఎల్ ప్యాటర్న్‌లన్నీ వరసగా చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు 'నా 404 పేజీ రావట్లేదు' అంటే పదిలో తొమ్మిదిసార్లు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఎర్రర్ పేజీకే ఎర్రర్ వస్తే

500 పేజీ రాసేటప్పుడు చాలామంది చేసే పని, సైట్ మొత్తానికి ఉన్న లేఅవుట్‌నే దీనికీ వాడటం. పైన మెనూ, పక్కన యూజర్ పేరు, షాపింగ్ కార్ట్ గుర్తు మీద ఎన్ని వస్తువులున్నాయో చిన్న అంకె. అవన్నీ డేటాబేస్ నుంచి రావాలి. 500 వచ్చిందే డేటాబేస్ పడిపోయి అయితే? ఎర్రర్ పేజీ తయారుచేయబోయి మళ్లీ ఎర్రర్. అపాచీ అనే వెబ్ సర్వర్ అయితే దీన్ని దాచుకోకుండా చెప్పేస్తుంది, 'దానికితోడు ఎర్రర్ డాక్యుమెంట్ చూపించబోతే ఇంకో ఎర్రర్ వచ్చింది' అనే అర్థం వచ్చే వాక్యం పేజీ కింద చేరుస్తుంది. ఆ వాక్యం చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది, నా సర్వర్ మీద కానంతవరకు.

జాంగో వాళ్లు దీన్ని ముందే ఊహించి, 500 టెంప్లేట్‌కి ఏ సమాచారమూ అందకుండా ఖాళీ కాంటెక్స్ట్ ఇస్తారు. యూజర్ పేరు ఎందుకు రావట్లేదని తిట్టుకుంటాం గానీ, అది మన మంచికే. నా పద్ధతి ఇంకా మొండిది: 500, 502, 503 పేజీలు పూర్తిగా స్టాటిక్ ఫైళ్లు, సీఎస్ఎస్ (పేజీ అలంకరణ) కూడా అందులోనే, లోగో కావాలంటే ఎస్‌వీజీగా లోపలే, బయటినుంచి ఒక్క ఫైలు కూడా అడగకూడదు. 404 మాత్రం కాస్త సౌఖ్యంగా ఉండొచ్చు, ఎందుకంటే అక్కడ యాప్ బతికే ఉంది, వెతుకులాట డబ్బా, మెనూ పెట్టుకోవచ్చు. కాకపోతే మరీ బరువు చేయొద్దు, లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీల కోసం, దాచిన కాన్ఫిగ్ ఫైళ్ల కోసం తడుముకుంటూ తిరిగే బాట్లు రోజంతా మీ 404 తలుపే తడుతుంటాయి, ప్రతి తట్టుకీ నాలుగు క్వెరీలు నడిపితే ఎలా.

404 పేజీలో ఇంకో చిన్న తమాషా. సీఎస్ఎస్‌కి సాపేక్ష దారి, అంటే ముందు స్లాష్ లేకుండా రాస్తే, హోం పేజీ స్థాయిలో బాగానే కనబడుతుంది. ఎవరైనా మూడు ఫోల్డర్ల లోతున్న తప్పు చిరునామా కొడితే బ్రౌజర్ ఆ లోతులోనే సీఎస్ఎస్ వెతుకుతుంది, అక్కడ ఉండదు, పేజీ బట్టల్లేకుండా నిలబడుతుంది. అలాగే 'మీరడిగిన ఫలానా చిరునామా లేదు' అని యూజర్ కొట్టినదాన్ని తిరిగి పేజీలో చూపించే సరదా ఉంటే, దాన్ని ఎస్కేప్ చేయకుండా పెట్టొద్దు, ఎక్స్ఎస్ఎస్‌కి, అంటే బయటివాడు తన స్క్రిప్ట్‌ని మన పేజీలో నడిపించడానికి, అదే తలుపు.

నోడ్‌లో (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్) ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి ఒక మాట. ఎర్రర్ హ్యాండ్లర్‌కి నాలుగు ఆర్గ్యుమెంట్లు ఉండి తీరాలి. నాలుగోది, నెక్స్ట్, వాడట్లేదు కదా అని ఎవరో శుభ్రం చేసే ఉత్సాహంలో తీసేస్తే, ఎక్స్‌ప్రెస్ ఆ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల సంఖ్య చూసి 'ఇది మామూలు మిడిల్‌వేర్' (రిక్వెస్ట్ దారి మధ్యలో నడిచే ఫంక్షన్) అనుకుంటుంది. కోడ్ రివ్యూలో పచ్చటి టిక్కు పడుతుంది, ఎర్రర్ పేజీ మాత్రం ఇక రాదు.

ముందు నిలబడ్డవాళ్లు

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎర్రర్_పేజ్ అనే ఒక్క లైనుతో పని అయిపోతుంది, కానీ ఆ లైనులో ఒక సమానం గుర్తు ప్రాణాలు తీస్తుంది. 404 తర్వాత సమానం గుర్తు లేకుండా ఫైలు దారి రాస్తే అంకె 404గానే ఉంటుంది. సమానం గుర్తు పెడితే, ఆ ఎర్రర్ పేజీ తను ఏ అంకెతో వస్తే అదే వెళ్తుంది, స్టాటిక్ ఫైలు అయితే 200. పూర్తి చిరునామా, అంటే హెచ్‌టీటీపీతో మొదలయ్యేది రాస్తే మళ్లీ 302. అపాచీ ఎర్రర్‌డాక్యుమెంట్‌లోనూ ఇదే కథ, స్లాష్‌తో మొదలైతే లోపలే తిరుగుతుంది, పూర్తి యూఆర్‌ఎల్ అయితే రీడైరెక్ట్.

వెనకాల యాప్ పంపిన ఎర్రర్లని ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా ముట్టుకోదు. ప్రాక్సీ_ఇంటర్‌సెప్ట్_ఎర్రర్స్ ఆన్ చేస్తేనే మన పేజీ పెడుతుంది. యాప్ మొత్తంగా చచ్చిపోయినప్పుడు వచ్చే 502 మాత్రం ఎన్‌జిన్‌ఎక్స్ సొంతం, దానికి ఈ స్విచ్‌తో పని లేదు. ఇంకో సంగతి, యాడ్_హెడర్‌తో పెట్టిన హెడర్లు (జవాబుతో పాటు వెళ్లే చిన్న సూచనలు) ఎర్రర్ జవాబులకి చేరవు, చివర ఆల్వేస్ అని రాస్తే తప్ప. దీనివల్ల ఫ్రంటెండ్ కుర్రాళ్లు 'సీఓఆర్ఎస్ ఎర్రర్ వస్తోంది' (వేరే సైట్ నుంచి అడగడానికి అనుమతి హెడర్ లేదని బ్రౌజర్ చెప్పే మాట) అని రోజంతా కొట్టుకుంటారు, నిజంగా వచ్చింది 500, దానికి ఆ హెడర్ తగల్లేదు కాబట్టి బ్రౌజర్ ఇంకో పేరుతో పిలుస్తోంది, అంతే.

వీధి మొదట్లో బోర్డు, అదే సీడీఎన్, ఇంకా మొండిది. బోర్డు తిప్పి పెట్టాక ఆఫీసు తెరిచినా, మళ్లీ ఎవరో వెళ్లి తిప్పేదాకా 'మూసి ఉంది' అనే ఉంటుంది. అమెజాన్ సీడీఎన్ క్లౌడ్‌ఫ్రంట్ ఎర్రర్ జవాబుని కూడా మామూలుగా 10 సెకన్లు దాచుకుంటుంది, మనం పెంచుకుంటే అంతసేపూ. సర్వర్ లేచింది, సైట్ లేవలేదు అంటే ముందు ఇక్కడ చూడండి. వెనకాల ఎస్‌3 బకెట్ (అమెజాన్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) ఉంటే ఇంకో చిత్రం: లేని ఫైలు అడిగితే 404 రావాలి, కానీ బకెట్‌లో ఏమున్నాయో చూసే లిస్ట్ అనుమతి ఇవ్వకపోతే 403 వస్తుంది. మీరు 404కి పేజీ పెట్టుకుని కూర్చుంటారు, అది ఎప్పటికీ రాదు. అప్పుడు అందరూ చేసేది 403 వస్తే 200తో ఇండెక్స్ పేజీ ఇవ్వమని రాయడం, రియాక్ట్ లాంటి సింగిల్ పేజ్ యాప్‌లకి (ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీతో నడిచేవాటికి) అది అవసరం కూడా. దాని మూల్యం ఏంటంటే, కొత్త వెర్షన్ డెప్లాయ్ అయ్యాక పాత ట్యాబ్ తెరిచి ఉంచుకున్న యూజర్ బ్రౌజర్ పాత జావాస్క్రిప్ట్ ఫైలు అడుగుతుంది, దానికి హెచ్‌టీఎంఎల్ దొరుకుతుంది, కన్సోల్‌లో '<' గుర్తు అక్కడెందుకుందో తెలియదని ఒక సింటాక్స్ ఎర్రర్, ముందు తెల్ల తెర. ఇండెక్స్‌కి మళ్లించేది పేజీ చిరునామాలకే, ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లకి 404 వెళ్లనివ్వాలి.

ఏపీఐకి మాత్రం బొమ్మల పేజీ పంపొద్దు. మొబైల్ యాప్ జేసన్ కోసం చూస్తుంటే హెచ్‌టీఎంఎల్ వెళ్తే అది పార్స్ చేయబోయి కూలుతుంది. దీనికి ప్రాబ్లమ్ డీటెయిల్స్ అని ఒక ప్రమాణ రూపం ఉంది, 2023లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 9457గా తాజా అయింది. టైపు, టైటిలు, స్టేటస్, డీటెయిల్ అని నాలుగైదు గళ్లు. సొంతంగా ఇంకోటి కనిపెట్టక్కర్లేదు.

పేజీలో ఏం రాయాలి

ఇంటర్ ఫలితాల రోజు సైట్ తెరవబోయి 503 చూసిన పిల్లల్ని గుర్తుచేసుకోండి. వాళ్లు, వాళ్లమ్మానాన్నలు, పక్కింటివాళ్లు అందరూ రిఫ్రెష్ కొడుతుంటారు, కొట్టినకొద్దీ సర్వర్ ఇంకా మునుగుతుంది. 503తో పాటు రీట్రై-ఆఫ్టర్ అనే హెడర్ పంపొచ్చు, ఎన్ని సెకన్లాగి రావాలో. అది యంత్రాలకి. మనుషులకి మామూలు మాటల్లో రాయాలి: 'ఇప్పుడు రద్దీ ఎక్కువగా ఉంది. మీ ఫలితం ఎక్కడికీ పోదు. పది నిమిషాలాగి ప్రయత్నించండి.'

తెలుగు సైట్లలో ఎర్రర్ పేజీల భాష చూస్తే బాధేస్తుంది. 'అభ్యర్థించబడిన వనరు కనుగొనబడలేదు' అంటే ఏ ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది? 'ఈ పేజీ ఇక్కడ లేదు. లింకు పాతదై ఉండొచ్చు, లేదా చిరునామాలో అక్షరం తేడా పడి ఉండొచ్చు' అంటే పోలేదా. డబ్బులు కట్టే చోట వచ్చే ఎర్రర్ అయితే మరీ జాగ్రత్త. అక్కడ మనిషికి ఉండే టెన్షన్ ఒక్కటే, డబ్బులు కట్ అయ్యాయా లేదా, మళ్లీ కట్టాలా. ఆ మాట చెప్పకుండా ఏడుస్తున్న రోబో బొమ్మ పెడితే ఒళ్లు మండుతుంది. 'మీ ఖాతాలో డబ్బులు తగ్గి ఉంటే మళ్లీ కట్టకండి, ముందు ఆర్డర్ల పేజీ చూసుకోండి' అని రాసి, కింద ఒక చిన్న నంబరు ఇవ్వండి. అదే నంబరు మీ లాగ్‌లో కూడా ఉండాలి. ఫోన్ చేసినవాడు ఆ నంబరు చదివితే స్టాక్ ట్రేస్ మీ దగ్గర తెరుచుకుంటుంది, వాడి స్క్రీన్ మీద కాదు.

ఇంకో సాంకేతిక తలనొప్పి తెలుగు లాంటి లిపులకి వచ్చేది. స్టాటిక్ ఎర్రర్ ఫైల్లో యూటీఎఫ్-8 అని మెటా ట్యాగ్ పెట్టకపోతే, సర్వర్ కూడా చెప్పకపోతే, మన అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. ఆ మెటా ట్యాగ్ ఫైల్లో మొదటి 1024 బైట్ల లోపే ఉండాలి. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది. పైన పెద్ద తెలుగు కామెంటూ, బారెడు టైటిలూ రాసి కింద మెటా పెట్టారంటే 340 గుర్తులకే ఆ కోటా అయిపోతుంది. హెడ్ తెరవగానే మొదటి లైను అదే పెట్టేయండి. మరీ చిన్న పేజీతోనూ ఒకప్పుడు తంటా ఉండేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 512 బైట్ల కన్నా చిన్న 404 పేజీని పక్కన పడేసి తన సొంతది చూపించేది. ఎన్‌జిన్‌ఎక్స్ సొంత ఎర్రర్ పేజీల అడుగున అర్థంలేని కామెంట్లు వరసగా కనబడతాయి చూడండి, బరువు పెంచడానికి పెట్టినవి అవి.

పడేసి చూడటం

కళ్లతో చూస్తే అంకె కనబడదు కాబట్టి బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి, లేదా కమాండ్ లైన్‌లో కర్ల్ కొట్టండి. సర్వర్ మీద కూర్చుని కాదు, ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, బయటివాడిలా. లేని పేజీ అడగండి, లేని పీడీఎఫ్ అడగండి, లేని ఏపీఐ అడగండి, మూడింటికీ మూడు వేరే జవాబులు రావచ్చు. తర్వాత టెస్ట్ సర్వర్‌లో డేటాబేస్ ఆపేయండి, ఎవరు మాట్లాడారో రాసుకోండి. డేటాబేస్ లేపి యాప్ ఆపేయండి, మళ్లీ రాసుకోండి. యాప్ లేపి వెబ్ సర్వర్ ఆపేయండి. మా క్లయింట్ సైట్‌కి ఇలా చేస్తే ఒక మధ్యాహ్నం పట్టింది, ఐదు రకాల పేజీలు తేలాయి, వాటిలో రెండు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలుసుకోవడానికి ఇంకో రోజు పట్టింది.

చివరికి నెట్ కేబులే పీకేస్తే వచ్చేది క్రోమ్ డైనోసార్. ముందెప్పుడైనా సైట్ తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో సర్వీస్ వర్కర్ (బ్రౌజర్‌లోనే ఉండి నెట్ లేకపోయినా జవాబివ్వగల స్క్రిప్ట్) కూర్చోబెట్టి ఉంటే దాన్ని కూడా మార్చుకోవచ్చు. లేకపోతే మాత్రం అక్కడ మాట్లాడేది టీకొట్టాయనే.